కోటు జేబులో మూడు వాక్యాలు

కోర్టు వీధిలో నల్లకోట్లు కుట్టే దర్జీ ఒక్కడే. అతనికి తెలిసిన కొలతలు రెండు: పెద్దది, ఇంకాస్త పెద్దది. గుడ్డ ఒకటే, కుట్టు ఒకటే, లోపలి జేబు ఎప్పుడూ ఎడమవైపే. వకీళ్ల గదిలో గోడకు పన్నెండు మేకులున్నాయి. ఎండలకు తట్టుకోలేక అందరూ కోట్లు విప్పి వాటికి తగిలిస్తారు, పిలుపు రాగానే ఎవరిది వాళ్లు తీసుకుంటారు. కనీసం అలా అనుకుంటారు.

అల్లుడు వకీలు కూడా ఆ ఉదయం అలాగే అనుకున్నాడు. సొంత అత్తగారి కేసు నెత్తికెత్తుకున్న నాటి నుంచి ఆయన ఆ గదిలో అందరికీ అల్లుడే, పేరు ఎవరికీ గుర్తులేదు. కోటు కాస్త వదులుగా అనిపిస్తే, మూడేళ్లుగా ఆ కేసు మోసి చిక్కిపోయాను కాబోలనుకున్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

కేసు ఒక కిటికీది. పక్కింటివాళ్ల కిటికీ అత్తగారి పెరట్లోకి తెరుచుకుంటుంది. అది పెట్టి ఏడేళ్లే అయిందని ఆవిడ, ఇరవై ఏళ్లు దాటిందని వాళ్లు. ఇరవై దాటితే దాన్ని మూయించడం ఎవరితరమూ కాదు. కిటికీ పెట్టిన మేస్త్రీయే ఆ రోజు వాళ్ల సాక్షి. ఇది గెలిస్తే తప్ప అత్తగారింట్లో అల్లుడికి మనిషిగా గుర్తింపు లేదు. ఇల్లాలు ఆ మాట నవ్వుతూనే చెప్పింది గానీ, అది నవ్వులాట కాదని ఆయనకు తెలుసు.

వరండాలో బెంచీ దగ్గర నిలబడి, తన ప్రశ్నల చీటీ కోసం జేబులో చెయ్యిపెట్టి కాగితం తీశాడు. తనది కాని గుండ్రటి చేతిరాత. కళ్లు బుద్ధికంటే ముందు పరిగెత్తాయి.

'మేస్త్రీకి ఏడాది గుర్తులేదు. చిన్న కూతురు పుట్టిన వారం అంటాడు. ఆ పిల్ల వయసెంతని అడిగితే మన పని అయిపోయినట్టే.'

ఆ చేతిరాత పెద్ద మేడమ్‌ది. పక్కింటివాళ్ల వకీలు ఆవిడే. ఒకప్పుడు ఈయనకు అక్షరాభ్యాసం చేయించినంత పని చేసి, కోర్టులో నిలబడటం నేర్పిందీ ఆవిడే. అల్లుడు గబగబా కాగితం మడిచాడు.

బెంచీ మీదున్న అత్తగారి కంటికి చీమైనా తప్పించుకోదు.

"ఏముందండీ అందులో?"

"ఏమీ లేదండి."

"ఏమీ లేనిదానికి మీ మొహం అలా ఎందుకయింది?"

"కోట్లు మారిపోయాయండి. ఇది అవతలి వకీలుగారి కాగితం. ఇచ్చేసి వస్తాను."

ఆవిడ చప్పున లేచింది. "మన గెలుపు నడుచుకుంటూ వచ్చి మీ జేబులో కూర్చుంటే, వెనక్కి పంపిస్తారా? చదివారా లేదా?"

"మూడు వాక్యాలు చదివానండి. అవి మీకు చెప్పను, కోర్టులో వాడను. అలాంటి వకీలు వద్దనుకుంటే వాయిదా అడుగుతాను, ఇంకొకర్ని పెట్టుకోండి."

"కొత్తవాడికి మళ్లీ మొదటినుంచి చెప్పుకునే ఓపిక నాకు లేదు" అని అత్తగారు మొహం అటు తిప్పుకుంది. ఆ రోజుకి ఇక ఆయనతో మాటలు బంద్.

పెద్ద మేడమ్ గుమ్మం దగ్గరే ఎదురైంది. ఆవిడ ఒంటిమీద అల్లుడి కోటు బొత్తాలు పడక నానా అవస్థా పడుతోంది.

"మేడమ్, ఇది మీది. మొదటి మూడు వాక్యాలు చదివాను."

ఆవిడ ఒంటిమీది కోటు విప్పింది. "ఆ మూడేనా? మిగతాదంతా చాకలి పద్దే. సరే, ఆ ప్రశ్న?"

"అడగనండి."

"మీ అత్తగారు ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోలేదండి. మాట్లాడటం మానేశారు."

"అది వరమే అనుకో" అని ఆవిడ అతని చీటీ తిరిగిచ్చింది. "నేనూ చదివాను బాబూ, దాచను. చదవడానికేముంది, అన్నీ నేను నేర్పినవేగా."

ఇద్దరూ వెళ్లి జడ్జిగారికి జరిగింది చెప్పారు. ఏం రాసుందో మాత్రం చెప్పలేదు. ఎవరి చీటీలో ఉన్న ప్రశ్నలు వాళ్లే అడగమని ఆయన అన్నాడు.

అల్లుడు తన తొమ్మిది ప్రశ్నలూ అడిగాడు. మేస్త్రీ బండరాయిలా నిలబడ్డాడు. కిటికీ ఎప్పుడు పెట్టావంటే, "మా చిన్నది పుట్టిన వారమేనండి" అన్నాడు. పదో ప్రశ్న అల్లుడి నాలుక చివర కూర్చుని దిగనంటోంది. వెనక నుంచి అత్తగారి చూపు వీపుకు సూదుల్లా తగులుతోంది. ఒక్క మాట చాలు, ఇంట్లో తన కుర్చీ తనకు దక్కుతుంది. చీటీ మడిచి కూర్చున్నాడు.

అప్పుడు జడ్జిగారు కళ్లజోడు పైకి తోసుకుని, "ఆ అమ్మాయి వయసెంతోయ్?" అని తనే అడిగాడు.

పెద్ద మేడమ్ కళ్లు మూసుకుంది. మేస్త్రీ వేళ్లు మడిచాడు, విప్పాడు, తల గోక్కున్నాడు. "అయిదుగురు ఆడపిల్లలండి, లెక్క కలిసిపోతుంది. అదుగో బయటే ఉంది, దాన్నే అడగండి."

గుమ్మం దగ్గర చంకలో ఒక పిల్లాడు, చెయ్యి పట్టుకుని ఇంకో పిల్ల, ఆ చిన్నది నిండు ఇల్లాలై నిలబడి ఉంది. ఎవరూ అడక్కముందే, "ఇరవయ్యారండీ!" అని అరిచింది. ఇలా అరిస్తే సాక్ష్యం కాదని జడ్జిగారు నవ్వాపుకుని, పుట్టిన తేదీ కాగితం తెమ్మన్నాడు. మర్నాడు తెచ్చారు. ఇరవయ్యారే.

కేసు పోయింది. ఏ ప్రశ్న అడగలేక అల్లుడు చెమటలు కక్కాడో, అదే ముంచింది. ఆ చిన్నది ఇంకా బడిపిల్లే అనుకుని ఏ ప్రశ్నకు పెద్ద మేడమ్ హడలిపోయిందో, అదే గెలిపించింది.

"ఏడేళ్ల కిందట పెరట్లో తీగ పందిరి తీయించేదాకా ఆ కిటికీ నాకు కనిపించనే లేదు, నా తప్పా?" అని అత్తగారు గోడతో చెప్పింది. అల్లుడితో మాత్రం రెండు వారాలు మాట్లాడలేదు. ఆయనకు నిజంగానే బాధేసింది.

మూడో వారం ఆవిడే వకీళ్ల గదికి వచ్చింది. బల్లమీద ఒక కవరు పెట్టింది.

"నా తరవాత ఎవరికేమిటో రాసుకొచ్చాను. వీలునామా రాయాలి. ఇందులో సంగతి మీ ఆవిడకి చెప్పరుగా?"

"చెప్పనండి."

"చెప్పరు. నాకే చెప్పలేదు మీరు. మన చుట్టాల్లో నోట మాట ఆగే మనిషి మీరొక్కరేనని ఇన్నాళ్లకు తెలిసింది."

అల్లుడి కళ్లు చెమర్చాయి. మూడేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూశాడు. చెయ్యి చాచబోయి, అంతలోనే ఆగాడు.

"ఇందులో మా ఆవిడ పేరుందాండీ?"

"ఉండదూ? నా కూతురు!"

"అయితే నా ఇంటికి లాభం వచ్చే కాగితం నేను రాయకూడదండి. పెద్ద మేడమ్ దగ్గరికి తీసుకెళ్తాను."

"నన్ను ఓడించినావిడ దగ్గరికా?"

"మంచి వకీలు కాబట్టే ఓడించిందండి."

అత్తగారు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మిమ్మల్ని నమ్ముకుని ఒక్క పనీ చేయించుకోవడానికి లేదు కదా!" అంది. కానీ కవరు మాత్రం ఆయన చేతికే ఇచ్చి, ముందు నడిచింది.