ఇద్దరికీ ఒకటే సూది

ప్రమీల ఐదేళ్లుగా నిలబడే తింటోంది. రెండో కాన్పు తర్వాత మొదలైన నొప్పి అది. కూర్చుంటే చాలు, నిప్పుల మీద కూర్చున్నట్టు కింద మండేది. కొత్తగూడెం క్వార్టర్స్‌లో అందరి జాకెట్లూ కుట్టిన మనిషి, మిషన్ మీద పాత చీర కప్పేసింది.

ఖమ్మంలో నొప్పుల డాక్టరమ్మ దగ్గర మధులత పరిచయమైంది. సత్తుపల్లి మనిషి, ఆమెదీ అదే బాధ. ఖాళీ కుర్చీలున్నా హాల్లో వీళ్లిద్దరే నిలబడి ఉండటంతో మాటలు కలిశాయి. తుంటి లోపలినుంచి కిందికి పోయే నరం దగ్గర మందు ఎక్కిస్తానని చెప్పి, డాక్టరమ్మ ఇద్దరికీ ఒకే రోజు సూది వేసింది.

వారానికి మధులత ఫోన్ చేసింది. "అక్కా, ఇయ్యాల బస్సులో కూర్చోని మా అమ్మోళ్లింటికి పొయ్యొచ్చిన."

"మంచిగైంది," అంది ప్రమీల. ఫోన్ పెట్టేశాక గోడకు ఆనుకుని ఏడ్చింది. తనకు వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

ఆ తర్వాత మధులత ఎన్నిసార్లు చేసినా ప్రమీల ఫోన్ ఎత్తలేదు. ఒకరోజు ఆమె వాట్సాప్‌లో కొత్త ఫొటో పెట్టింది. పెళ్లి బంతిలో కింద కూర్చుని తింటోంది. ప్రమీల ఆ మడిచిన కాళ్లను వేళ్లతో పెద్దవి చేసి చూసింది. దీనికి మళ్లీ తిరగబెడితే బాగుండునని అనుకుంది.

నెలకు మధులతే ప్రమీల ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ప్రమీల కూర్చోమనలేదు. ఆమే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా మీద కోపమైతే చెప్పక్కా."

"కోపం గాదు, కుళ్లు. నువ్వు గట్ల కూసుంటే నాకు సూడబుద్ధైతలేదు."

 మధులత మెల్లగా అడిగింది. "సూదేసినంక నీకు యాడ తిమ్మిరెక్కింది?"

"తొడ ఎనక."

"కింద ఎక్కలేదా? నాకు పొద్దుగూకేదాకా కిందంతా మొద్దుబారింది. డాక్టరమ్మకు చెప్పలేదా?"

"అడిగింది. పక్కన మా ఆయన ఉండె. సిగ్గేసి, అంతా మంచిగనే ఉందన్న."

ఈసారి ఖమ్మం దవాఖానాకు ఆడవాళ్లిద్దరే వెళ్లారు. అంతా విన్న డాక్టరమ్మ, మొదటిసారి మందు నరానికి పక్కగా పోయి ఉంటుందంది. స్కాన్‌లో చూస్తూ మళ్లీ వేసింది. గంటలోపే కింద మొద్దుబారింది. పది రోజులకు ప్రమీల ఇరవై నిమిషాలు కూర్చోగలిగింది. మూడో వారంలో నొప్పి కొంత తిరిగొచ్చింది గానీ మునుపటంత కాదు. నరం ఇదేనని తేలింది కనుక ఇంకోసారి వేద్దామంది డాక్టరమ్మ.

"నువ్విప్పుడు ఎంతసేపు కూసుంటున్నవ్?" అని ప్రమీల మధులతను అడిగింది.

"గంటన్నర."

ప్రమీలకు ఆ కుళ్లు ఇంకా పోలేదు. అయినా అడిగింది, "కింద మెత్త ఏస్కుంటున్నవా, ఉత్తగనేనా?"