గట్టి పెడలు

నలభై ఏళ్లుగా బ్రేకులతోనే బతుకుతున్నవాణ్ణి. నా చేతిమీదుగా వెళ్లిన బండి అదే జబ్బుతో వెనక్కి రాదని ఈ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. అలాంటిది నర్సమ్మగారి పాత కారు మూడోసారి వచ్చి షెడ్డు ముందు ఆగేసరికి నాకు తల కొట్టేసినట్టయింది.

ఆవిడ రిటైరైన నర్సు. ముప్పై అయిదేళ్లుగా ఆ కారు తానే నడుపుతున్నారు. మోకాలి ఆపరేషన్ తర్వాత కాలితో బలంగా తొక్కలేకపోతుంటే, ఆర్నెల్ల కిందట నేనే బూస్టరు బిగించి ఇచ్చాను. ఇంజను పీల్పుతో పనిచేసే గుండ్రటి డబ్బా అది. తొక్కే కాలికి సగం శ్రమ తగ్గిస్తుంది.

“మేస్త్రీ, బ్రేకు ఇంకా గట్టిగా లేదు,” అన్నారు దిగుతూనే. “నిన్న వెళ్లి మా ఇంటి గేటుకే ముద్దు పెట్టాను. ఇవాళ కూడా కుదరకపోతే బండి అమ్మేస్తాను. ఎవరికో తగిలేదాకా ఆగలేను కదా.”

నవ్వుతూనే అన్నారు గానీ, అమ్మే మాట అంటున్నంతసేపూ ఆవిడ చెయ్యి బండి తలుపు మీదే ఉంది.

అలవాటు ప్రకారం ముందు ఇంజను ఆపించాను. ఇంజను రొదలో బండి బాధ వినపడదని నా నమ్మకం. లోపల కూర్చుని పెడలు తొక్కాను. రాయిలా ఉంది.

“ఇంతకన్నా గట్టిగా ఎలా ఉంటుందండీ?” అన్నాను విసురుగా. “మొదటిసారి బ్రేకు ఆయిల్ మార్చాను, రెండోసారి గొట్టాల్లో గాలి తీశాను. నేనే నడిపి చూశాను, నిక్షేపంగా ఆగింది.”

“నాకు ఆగడం లేదు నాయనా.”

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. నేను నోరు తెరిచేలోపే పక్క బండి కింద నుంచి మా అమ్మాయి బయటికొచ్చింది. ఇరవై ఆరేళ్లది. పని నా దగ్గరే నేర్చింది, ఏడాదిగా నాతో సమానంగా చేస్తోంది. ఆ మాట అప్పటిదాకా నేను ఒప్పుకున్న పాపాన పోలేదు.

“మామ్మగారూ, గట్టిగా లేనిది బ్రేకా, పెడలా?” అనడిగింది.

“బ్రేకేనమ్మా. పెడలయితే గోడను తొక్కినట్టుంది.”

గతుక్కుమన్నాను. మూడుసార్లూ ఆవిడ చెప్పిన గట్టి ఒకటి, నేను విన్న గట్టి ఇంకొకటి. బూస్టరు లేని బళ్లలో పెడలు గట్టిగా ఉంటే బ్రేకు బాగున్నట్టే. బూస్టరు ఉంటే మాత్రం, ఇంజను నడుస్తున్నప్పుడు పెడలు మెత్తగా దిగాలి. ఈ బండికి బూస్టరు పెట్టింది నేనే, ఆ సంగతి మరిచిందీ నేనే. నా కాలి బలానికి బండి ఆగితే, అది బ్రేకు గొప్పే అనుకున్నాను.

మా అమ్మాయి ఆవిణ్ణే సీట్లో కూర్చోబెట్టింది. “ఇంజను ఆపే ఉంది కదా, అయిదారుసార్లు తొక్కండి. ఇప్పుడు కాలు తియ్యకుండా స్టార్ట్ చెయ్యండి. పెడలు కాస్త కిందికి దిగిందా?”

“ఇసుమంత కూడా దిగలేదు.”

“అయితే బూస్టరుకు పీల్పు అందడం లేదు.” నా చెయ్యి తాళంచెవి వైపు వెళ్లడం చూసి, “నాన్నా, ఆపకు,” అంది.

ఇంజను నడుస్తుండగానే, బూస్టరుకు వెళ్లే రబ్బరు గొట్టం వెంట వేలితో తడుముకుంటూ పోయింది. బ్యాటరీ వెనక వంపు దగ్గర ఆగి, నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. గొట్టం లోపలికి పీల్చుకుపోయి బల్లపరుపుగా ఉంది. ఇంజను ఆపించింది. కాసేపటికి గొట్టం ఏమీ ఎరగనట్టు మళ్లీ గుండ్రంగా అయింది. ఎప్పుడూ ఇంజను ఆపి చూసేవాణ్ణి, నాకెలా కనబడుతుంది?

ఆ గొట్టం కూడా నేను వేసిందే. ఆరోజు మందపాటిది దొరక్క, పల్చటి నీళ్ల గొట్టం వేసి సరిపోతుందిలే అనుకున్నాను. మా అమ్మాయికి అది చూడగానే తెలిసిపోయింది. నావైపు ఒక్కసారి చూసి, “గొట్టం పాడైందండీ, మార్చేస్తాను,” అని మాత్రం అంది ఆవిడతో.

మందపాటి గొట్టం బిగించాక మళ్లీ పరీక్షిస్తే, ఇంజను అందుకోగానే పెడలు మెత్తగా కిందికి దిగింది. నర్సమ్మగారు వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చి, షెడ్డు గుమ్మానికి జానెడు దూరంలో ఆపారు. కాలికి శ్రమే తెలియలేదట. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

“ఇకనుంచి నా బండి అమ్మాయే చూస్తుంది మేస్త్రీ. నువ్వేమీ అనుకోకు,” అన్నారు.

“అనుకోకుండా ఎలా ఉంటానండీ? ఆ పనికిమాలిన గొట్టం వేసింది నేను. కనిపెట్టింది నా కూతురు,” అన్నాను. రెండో మాట పక్కనున్న టైర్ల కొట్టువాడికి కూడా వినపడేలా అన్నాను.