బక్రం లేని కాలరు

చొక్కాను తిరగేసి, లోపలి కుట్ల మీదుగా ఇస్త్రీ పెట్టె నడిపిస్తోంది ఆమె. పైవైపు ఎప్పుడూ చివరనే. జనం చూసేది పైవైపే కాబట్టి అది తన సంగతి తాను చూసుకోగలదని ఆమె లెక్క. చంక దగ్గర కుట్టు ఒకచోట దారి తప్పి, మళ్ళీ వెనక్కి వచ్చి సర్దుకుంది. కుట్టిన మనిషి సరిగ్గా అక్కడే ఎవరో పిలిస్తే తలెత్తి ఉంటుంది అనుకుంది. ఇలాంటివి ఆలోచించడానికే ఆమెకు విశ్వవిద్యాలయం జీతం ఇస్తుంది. ఆ సంగతి వాళ్ళ అక్కకు ఇన్నేళ్ళైనా మింగుడుపడలేదు.

“మీటింగుకి ఆ చొక్కాయేనా?” అంది అక్క వంటింట్లోంచి. “ఫ్యాషన్ల మీద లావు లావు పుస్తకాలు రాశావు. నీ ఒంటి మీద మాత్రం ఒక్క గుడ్డ కుదురుగా ఉండదు.”

“వంటల మీద పుస్తకాలు రాసేవాళ్ళందరూ ఇంట్లో వండుకుంటారా ఏంటి?”

“వండుకుంటారు.”

ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. నవ్వేసి, అదే చొక్కా తొడుక్కుని బయల్దేరింది.

శాఖలో ఆమెను అందరూ బట్టల మేడం అంటారు. పేదరికం, నేరాలు, వలసలు అంటూ తోటి సోషియాలజీ వాళ్ళు బరువైన సంగతులు తలకెత్తుకుంటే ఆమె బట్టలు పట్టుకుంది. ఒక కోటును ఎవరు గీస్తారు, ఎవరు కోస్తారు, పేరు ఎవరికొస్తుంది, ఈ ఏడాది అందంగా కనిపించిన రంగు పై ఏడాదికి ఎబ్బెట్టుగా ఎలా మారుతుంది, ఆ మార్పును ఏ గదిలో కూర్చుని ఎవరు తేలుస్తారు, ఇదీ ఆమె చదువు. మోడళ్ళ వెంట తిరిగింది. పత్రికల్లో ఫొటోలు పేర్చేవాళ్ళ పక్కన కూర్చుంది. సినిమాలకు దుస్తులు కుట్టేవాళ్ళతో కలిసి సెట్టు బయట ఎండలో నిలబడింది. సదస్సుల్లో మాత్రం ఆమె వంతు జనం భోజనాలకు లేచే వేళకే వచ్చేది. టీ దగ్గర ఎవరో ఒక ఆచార్యుడు చేరి, “మా ఆవిడకి ఏ రంగు నప్పుతుందంటారు మేడం?” అని సరసమాడేవాడు. “ఆవిణ్ణే అడగండి. ఇంతవరకు అడిగినట్టు లేరు,” అనేది ఆమె. ప్రమోషను ఆలస్యంగా వచ్చింది. ఆమె పట్టించుకోలేదంటే అబద్ధం. లోపల కుతకుతలాడిపోయింది. బట్టలను మాత్రం వదల్లేదు.

ఇవాళ్టి మీటింగు మాస్టారి పేరు గురించి.

మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, కటింగ్ మాస్టారు. వయసులో ఉన్నప్పుడు ఆమె పరిశోధన కోసం ఒక పేరున్న ఫ్యాషన్ కంపెనీలో నమూనాలు కుట్టే గదికి వెళ్ళింది. స్టూలు మీద కూర్చుంది. ఎవరూ పెదవి విప్పలేదు. చివరికి మాస్టారే ఒక కోటు తెచ్చి ఆమె ఒళ్ళో పడేశాడు. “ఖాళీ చేతుల్తో కూర్చున్నవాళ్ళని చూస్తే మాకు తనిఖీకొచ్చినవాళ్ళు గుర్తొస్తారమ్మాయ్. ఆ కచ్చాకుట్లు ఊడదీయి,” అన్నాడు. అసలు కుట్టు పడేదాకా గుడ్డను పట్టి ఉంచే తెల్లదారం కుట్లవి. ఆమె తల వంచి దారాలు లాగడం మొదలుపెట్టగానే గదిలో కబుర్లూ మొదలయ్యాయి. ఆ తరవాత ఏ కార్ఖానాకు వెళ్ళినా ఆమె ముందు చేతికి పని అడిగేది, ప్రశ్నలు తరవాత.

తరవాత పేరుకెక్కిన ఒక కాలరు పుట్టడం ఆమె అక్కడే చూసింది. డిజైనరు కాగితం మీద ఒక గీత గీసి పంపాడు. మెడ చుట్టూ నిటారుగా లేచి, చెవుల దాకా వచ్చి వెనక్కి వాలాలట. లోపల గట్టిదనానికి పెట్టే బక్రం గుడ్డ మాత్రం ఉండకూడదట. గియ్యడానికేం, సొమ్ము పోయిందా! మాస్టారు తిట్టుకుంటూ కోశాడు, పారేశాడు, మళ్ళీ కోశాడు. ఆఖరికి కాలరు అడుగుముక్కను క్రాసులో, అంటే నేత దారాలకు ఐమూలగా కోసి, తడిపి, వేళ్ళతో సాగదీసి, ఇస్త్రీ పెట్టెతో వంచి నిలబెట్టాడు. ఆ కోటు డిజైనరును ఎక్కడికో తీసుకెళ్ళింది. మాస్టారి బల్ల మీదికి మర్నాడు ఇంకో కోటు వచ్చింది.

ఇదంతా ఆమె పుస్తకంలో రాసింది, ఆయన పేరు తప్ప. సోషియాలజీలో అదొక నియమం. కబుర్లు చెప్పిన మనిషికి ఆ కబుర్ల వల్ల ఏ హానీ రాకూడదని అందరికీ మారుపేర్లు పెడతారు. ఆమె కూడా అప్పటికి నోటికొచ్చిన పేరొకటి పెట్టేసింది. తీరా చూస్తే అది మాస్టారి బావమరిది పేరు.

ఈ సంగతి ఆమెకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది. పుస్తకంలో తన గురించి ఉందని మాస్టారు కాపీలు కొని చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ పంచాడు. వాళ్ళు చదివి, బావమరిది ఇంటికి వెళ్ళి మెచ్చుకున్నారు. గుండీల కొట్టు నడుపుకునే ఆ పెద్దమనిషి కాదనలేదు. పుస్తకాన్ని కొట్లో అద్దాల బీరువాలో నిలబెట్టాడు. కుట్టుపనివాళ్ళ సంఘం అతణ్ణి పిలిచి కొత్త ఆఫీసుకు రిబ్బను కూడా కత్తిరింపించింది. మాస్టారు ఆమెతో చాలాకాలం మాట్లాడలేదు. ఒకరోజు తనే వచ్చి అడిగేశాడు.

“కంపెనీవాడు నా పేరు తీసేసి వాడి పేరు పెట్టుకున్నాడు. వాడు దొంగ, సరే. నువ్వు చదువుకున్నదానివి కదమ్మా. నా పేరు తీసేసి ఆ గుండీలవాడి పేరెలా పెట్టావు?”

ఆమె నియమం గురించి చెప్పబోయింది. సగం చెప్పేసరికి తన మాట కంపెనీవాళ్ళ మాటలాగే వినిపించి ఆగిపోయింది. ఆ సిగ్గు తాలూకు వేడి ఆమెలో ఇప్పటికీ చల్లారలేదు.

ఇప్పుడు ఆ పుస్తకం మళ్ళీ అచ్చవుతోంది. ఈసారి అసలు పేరు పడాల్సిందేనని ఆమె పట్టు. విశ్వవిద్యాలయంలో పరిశోధనల నీతినియమాల కమిటీ ఒప్పుకుంటే గానీ వెయ్యనని ప్రచురణకర్త పట్టు. మాస్టారికి ఈమధ్య ఆయాసం ఎక్కువై మెట్లు దిగడం మానేశాడు. అందుకే ఆమె కమిటీవాళ్ళ వెంటపడి మరీ ఇవాళ కూర్చోబెట్టింది.

కమిటీ గది కిటికీలోంచి విశ్వవిద్యాలయం ఆవరణలో కొత్తగా కడుతున్న గ్యాలరీ కనిపిస్తోంది. దాన్ని కట్టిస్తున్నది ఆ ఫ్యాషన్ కంపెనీయే. గుమ్మం మీదికి డిజైనరు పేరు అక్షరాలు అప్పుడే వచ్చి, గోడకు ఆనించి ఉన్నాయి.

“ఆయనకి హాని జరగకూడదనే కదా మేడం మన తాపత్రయం,” అన్నాడు అధ్యక్షుడు. మెత్తటి మనిషి. ఎవరినీ నొప్పించకుండా ఎవరికీ ఏదీ ఇవ్వకుండా బతకడం బాగా వచ్చినవాడు. “పైగా ఆ కాలరు ఎవరిదన్న విషయంలో కంపెనీవారికి వేరే అభిప్రాయం ఉండొచ్చు.”

“ఆయన్నే అడుగుదాం,” అని ఆమె ఫోను కలిపి, స్పీకరు పెట్టి బల్ల మధ్యకు తోసింది.

“హలో! కమిటీయేనా?” మాస్టారి గొంతు గదంతా నిండింది. మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. “హాని హాని అంటున్నారట. అది ఎప్పుడో జరిగింది బాబూ! మా బావమరిది చేత రిబ్బను కత్తిరింపించారు. వాడికి కత్తెర పట్టుకోవడమే రాదు!”

ఒక మూల కూర్చున్న న్యాయశాస్త్రం ఆవిడ నవ్వాపుకోలేక మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

“ఆ కాలరు నేనే కోశాను. నా పేరు వెయ్యండి. ఇంటిపేరుతో సహా వెయ్యండి. ఏం, వేస్తారుగా?”

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు వెనక ఏం రాబోతోందో ఆమెకు తెలుసు. ముప్పావు జీవితం ఇలాంటి గదుల్లోనే గడిపింది. చటుక్కున ఫోను అందుకుని, “మళ్ళీ మాట్లాడతా మాస్టారూ,” అని పెట్టేసింది.

“ఫోన్లో ఒప్పుకుంటే చెల్లదు మేడం. ఆయన స్వయంగా వచ్చి సంతకం చెయ్యాలి.”

“ఆయన మెట్లు దిగలేరు. మీరే రండి, నేను తీసుకెళ్తాను.”

“కమిటీ ఇళ్ళకి వెళ్ళే ఆనవాయితీ లేదు. పై నెల మీటింగులో చూద్దాం.”

“సార్, ఊరూపేరూ లేనివాళ్ళ పేర్లు దాచడానికి ఇంత శ్రద్ధ చూపిస్తున్నారు. ఆ గుమ్మం మీద పెట్టబోయే పేరాయన వచ్చి మీ ముందు సంతకం పెట్టాడా?”

అధ్యక్షుడు ముందున్న ఫైలు మూసేశాడు. ఆమెకు ఒళ్ళు మండింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. “నేను పై నెల దాకా ఆగను. మీ చర్య ఏదో మీరు తీసుకోండి,” అని బయటికి నడిచింది. ఆ చొక్కా వెనకవైపు ముడతలు పడి ఉందని అక్క ఉంటే తప్పకుండా చెప్పేది.

మధ్యాహ్నం పాఠాలు ముగించుకుని, సాయంత్రపు ఎండలో మాస్టారి వీధికి నడిచింది. ఆయనతో నిజం చెప్పాలా, నాలుగు రోజులు నాన్చాలా అని దారంతా తర్జనభర్జన పడింది. నాన్చడం తన వల్ల కాదు. చెప్పేసి, ఇద్దరూ కలిసి తిట్టుకుందాం అనుకుంది. ఆయన తిట్లు వినసొంపుగా ఉంటాయి కూడా.

మెట్లెక్కేసరికి తలుపు తీసి ఉంది. మాస్టారి కూతురు గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఆమెను చూసి లేవలేదు.

“నాన్న పోయారక్కా.”

ఆమె వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

“మీతో మాట్లాడాక హుషారుగా ఉన్నారు. ‘అయిపోయింది, ఒప్పుకున్నారు,’ అన్నారు. మావయ్యకి ఫోను చేసి, ఆ పుస్తకం బీరువాలోంచి తీసెయ్యమని చెప్పారు. అన్నం తిని పడుకున్నారు. టీకి లేపితే లేవలేదు. డాక్టరు ఇప్పుడే చూసి వెళ్ళాడు.” ముక్కు తుడుచుకుంది. “ఒప్పుకున్నారు కదక్కా?”

లోపల మంచం మీద మాస్టారు ఒక పక్కకు ఒత్తిగిలి ఉన్నాడు. మొహంలో గెలిచిన ధీమా అలాగే ఉంది. ఆమె చాలాసేపు చూసింది. దుఃఖం వచ్చింది, దానికంటే ఎక్కువ కోపం వచ్చింది. ఏడుస్తూనే కోప్పడింది.

“ఒప్పుకోలేదమ్మా. వాళ్ళని అడగడమే నా తప్పు.”

అప్పుడే ఫోను మోగింది. అధ్యక్షుడు. ఉదయం మాటలు మనసులో పెట్టుకోవద్దని చెప్పడానికి చేశాడు. ఆమె జరిగింది చెప్పింది. అయ్యో అన్నాడు. ఆ అయ్యో నిజమైనదే. తరవాత మెల్లిగా అన్నాడు: “ఇక సంతకం దొరకదు కాబట్టి, మారుపేరే ఉంచేద్దామా మేడం?”

“రేపు పొద్దున పేపరు చూడండి సార్,” అంది ఆమె.

ఎందుకలా అందో అన్నాకే ఆమెకు తెలిసింది. ఫలానా మనిషి పోయాడని పేపర్లో వేయించడానికి ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు. ఎంత అనామకుడి పేరైనా ఆ ఒక్కరోజు అచ్చులో పడుతుంది. పడ్డాక ఇక దాచడానికి ఏం మిగులుతుంది? కూతురితో చెప్పింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, “వేయించండక్కా. నాన్నుంటే అక్షరాలు పెద్దవి కావాలని గొడవపెట్టేవాళ్ళు,” అంది.

పేపరాఫీసు గుమాస్తా ఫోన్లో ఒక్కో వివరం అడిగి రాసుకున్నాడు. ఆమె మాస్టారి పూర్తి పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. ఒక్కో అక్షరం విడివిడిగా, గదిలో ఆయనకు కూడా వినిపించేంత గట్టిగా.

“వృత్తి ఏం రాయమంటారు?”

“కటింగ్ మాస్టారు. బక్రం లేకుండా నిలబడే కాలరును మొట్టమొదట కోసి నిలబెట్టినవారు, అని రాయండి.” కోటు పేరు, డిజైనరు పేరు, కంపెనీ పేరు కూడా చెప్పింది.

గుమాస్తా తటపటాయించాడు. “మరణ ప్రకటనలో ఇవన్నీ ఎందుకండీ? రేపు కంపెనీవాళ్ళు మా మీద పడితే?”

“మీ మీద పడరు. కింద నా పేరు వెయ్యండి. నా ఉద్యోగం, నా శాఖ, ఇంటి అడ్రసు, అన్నీ వెయ్యండి. కళ్ళారా చూసినదాన్ని నేనే, అని కూడా రాయండి.”

“ఎవరు ప్రకటిస్తున్నట్టండీ? కూతురా, మీరా?”

“ఇద్దరం,” అంది కూతురు పక్కనుంచి.

గుమాస్తా రాసుకున్నదంతా తిరిగి చదివాడు. పేరులో ఒక దీర్ఘం ఎగిరిపోయింది. ఆమె సరిచేసి, మళ్ళీ మొదట్నుంచి చదివించింది. ఈసారి సరిగ్గా వచ్చింది.

ఫోను పెట్టేసేసరికి వీధిలో జనం చేరుతున్నారు. అందరికంటే ముందు బావమరిది వచ్చాడు, చంకలో పుస్తకంతో. దాన్ని ఎవరికివ్వాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె ఎదురెళ్ళి అందుకుని, ఆయన్ని లోపలికి రమ్మంది. కూతురు దుప్పటి సర్దింది. కిటికీ పక్క కటింగ్ బల్ల మీద, మాస్టారి చేతినుంచి ఆ పిల్ల విప్పి పెట్టిన సూదుల దిండు ఉంది. గుండుసూదులు గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి, దాని పట్టీ మాత్రం ఇంకా ఆయన మణికట్టు కొలతకే గుండ్రంగా నిలబడి ఉంది.