మైకు విన్న మాట

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న చిన్న చర్చిలో మూడో మైకు కూడా పాడైంది. పాడైందని తేల్చింది సంఘ కార్యదర్శి సామ్ సుందర్ గారు. ఆయన తేల్చాక ఇక దేవుడు కూడా అప్పీలుకు పోడు.

మైకుకు పట్టిన జబ్బు విచిత్రమైనది. పాస్టర్‌గారు గంటసేపు ప్రసంగించినా దానికి తుమ్మైనా రాదు. క్వాయర్‌లో ముందుండి పాడే డోరా పాట అందుకుని, చరణం చివర పైస్థాయికి ఎక్కబోయేసరికి మాత్రం గరగరమంటుంది.

డోరా భర్త రూఫస్ అబిడ్స్‌లో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు. చర్చిలో సౌండ్ బాధ్యత కూడా అతనిదే. అంటే పాట బాగుంటే దేవుని కృప, బాగా లేకపోతే రూఫస్ తప్పు.

"కోత పండుగకు కొత్త మైకు కొందాం. డోరమ్మ గొంతుకేంది, కోయిల! ఈ పాడు మైకే మోసం చేస్తున్నది" అన్నారు సామ్ సుందర్. కమిటీ అంతా తలలూపింది.

"కొనేముందు జర పరీక్ష చేద్దాం అంకుల్" అన్నాడు రూఫస్. భార్య పక్కనే కూర్చుని ఉండగా అంతకంటే పెద్ద సాహసం అతనికి చేతకాలేదు.

శనివారం సాయంత్రం అబిడ్స్ ట్రాఫిక్‌ను ఈదుకుంటూ వచ్చి, మైకు వైరును నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. మధ్యలో యాంప్లిఫయర్ లేదు, స్పీకర్ లేదు. నెపం మోపడానికి మైకూ గొంతూ తప్ప ఎవరూ మిగల్లేదు. నల్లటి తెర తెరిచి రికార్డు చేయమని ఒక కమాండ్ కొట్టాడు. అంతే, మైకులో పడ్డ శబ్దాన్ని కంప్యూటర్ సెకనుకు నలభై నాలుగు వేల ముక్కలుగా తరిగి ఫైల్లో పోస్తుంది. బేగం బజార్‌లో మసాలా కూడా అంత మెత్తగా దంచరు. ఎన్ని సెకన్లు వినాలో కమాండ్‌లోనే చెప్పాలి. చెప్పకపోతే ఆపేదాకా వింటూనే ఉంటుంది. రూఫస్ చెప్పడం మరిచాడు.

డోరా పాడింది. బాగానే పాడాననిపించి, "పా, చాయ్ తాగొద్దాం" అంది. ఇద్దరూ స్టేషన్ ఎదుట ఇరానీ హోటల్‌కు వెళ్లారు. కంప్యూటర్ మాత్రం, సంఘంలో ఏ ప్రసంగాన్నీ ఎవరూ విననంత శ్రద్ధగా, ఖాళీ చర్చిని వింటూ కూర్చుంది.

మర్నాడు ఆరాధన అయ్యాక రూఫస్ ఆ ఫైలు కమిటీకి వినిపించాడు. పాట వచ్చింది. పైస్థాయిలో గరగరా వచ్చింది.

"చూసిన్రా, మైకే!" అన్నారు సామ్ సుందర్.

రూఫస్ ఆపబోయి, తడబడి, ఫైలును ముందుకు జరిపాడు. ఈసారి ల్యాప్‌టాప్‌లోంచి కూడా సామ్ సుందరే మాట్లాడారు. నిన్న వాళ్లిద్దరూ చాయ్‌కు వెళ్లినప్పుడు, ఆరాధనకు పూలు సర్దడానికి వచ్చిన కోడలు కృపాజ్యోతితో ఆయన అన్న మాటలవి.

"మైకుకు ఏం రోగం లేదు బిడ్డా. ఆమె గొంతే పైకి పోతలేదు. గా మాట ఎవ్వరు చెప్తరు? ఇంకోటి కొంటే ఇంకో ఏడాది గడుస్తది."

"మొదటి రెండు గూడ గట్లనే కొన్నరా మామయ్యా?"

"ఔ. రెండూ మంచిగనే ఉన్నయి. నా అల్మారల వెట్టిన."

ఒక్క అక్షరం చెదరలేదు. మైకు ఆరోగ్యానికి అంతకంటే వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. కమిటీ సభ్యులందరికీ ఒక్కసారిగా సీలింగ్ ఫ్యాన్ మీద ఆసక్తి పుట్టింది.

రూఫస్ గబగబా ల్యాప్‌టాప్ మూయబోయాడు. డోరా ఏడుస్తుందేమోనని అతని భయం. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"మూయకు. నా పాట మళ్లొక్కసారి వెయ్యి."

కళ్లు మూసుకుని విన్నది. "గీడ. గీడనే పగులుతున్నది." తర్వాత మొగుడివైపు తిరిగింది. "నీకు చెవుల్లేవా?"

"చెవులున్నయి. ధైర్యమే లేదు."

ఆ రాత్రి ఇంట్లో ఆమె వడ్డించిన అన్నానికి కూర లేదు. రూఫస్ కారణం అడగలేదు.

కోత పండుగనాడు డోరా శ్రుతి రెండు మెట్లు దించి పాడింది. గొంతు ఎక్కడా చిట్లలేదు. వెనక వరుసలో ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు. రూఫస్ కూడా బటన్ల సంగతి మరిచి, నోరు తెరుచుకుని విన్నాడు.

ఆరాధన అయ్యాక డోరా ఒక కొత్త నియమం పెట్టింది. ఇకనుంచి ప్రతి శనివారం క్వాయర్‌లో ఒక్కొక్కరూ మైకు ముందు పాడాలి, తమ పాట తామే వినాలి. మొట్టమొదట పిలిచింది, మగవాళ్ల వరుసలో అందరికంటే గట్టిగా పాడే సామ్ సుందర్ గారినే.

శనివారం వచ్చింది. ఆయన రాలేదు. గొంతునొప్పని దవాఖానకు పోయారట.