గట్టు అవతలి కళ్ళు

కొడుకు పురుగుమందు మానేసింది ఏ అధికారి మాటో విని కాదు, తల్లి ఏడుపు చూసి. నిరుడు టమాటా తోటలో మందు కొడుతూ కొడుతూనే నోట నురగతో సాళ్ళ మధ్య కూలబడ్డాడు. మొగుడు పోయాక ఆమెకున్నది వాడొక్కడే. ఆసుపత్రి మంచం మీద వాణ్ణి చూసిననాటి నుంచి ఆ వాసన తగిలితే చాలు, ఆమెకు పైప్రాణాలు పైనే పోయేవి.

"ఇంకోసారి ఆ మందు డబ్బా వీపుకెత్తావంటే ముందు నన్ను పూడ్చిపెట్టి ఎత్తు" అంది. వాడు ఎత్తలేదు.

భయం ఒక గుమ్మంలోంచి పోయి ఇంకో గుమ్మంలోంచి వచ్చింది. మబ్బు పడితే భయం, ఆకు ముడుచుకుంటే భయం.

గట్టు అవతలి పొలం మరిదిది. పొద్దున్నే గట్టెక్కి ఇటే చూసేవాడు.

"ఏం వదినా, పురుగులకు విందు బాగా జరుగుతోందా?"

"జరుగుతోంది. నీ అంత తిండిపోతులు కావులే."

నవ్వేవాడు గాని, చూపు మాత్రం కాయల మీదే. ఊళ్ళో సగం మంది అంతే. మందుల్లేని సేద్యమని శిక్షణ తరగతుల్లో చెప్పింది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. పక్కవాడి కాయ ఎలా ఉందో మాత్రం వంగి మరీ చూసి పోతారు. ఒకరోజు మరిది గొంతు తగ్గించాడు.

"మందు కొట్టొస్తే నాకూ కళ్ళు మంటలే, వదినా. వీడి పంట చేతికొచ్చిందనుకో, వచ్చే పంట కారుకి నేనూ మానేస్తా. ముందుగా దూకి కాళ్ళు విరగ్గొట్టుకునే వయసా నాది?"

ఇంతలో కాయతొలుచు పురుగు దిగింది. కొడుకు బకెట్టు పట్టుకుని పురుగుల్ని ఏరుతూ, "సగం పోతే పోనీ అమ్మా, మొదట్లో ఇలాగే ఉంటుందట. మిగతా సగం నిలబడుతుంది" అన్నాడు. ఆమె చెవికి 'పోతే' ఒక్కటే వినబడింది. పంట పోతే వీడు ఊరుకుంటాడా? మళ్ళీ ఆ డబ్బా ఎత్తుతాడు. ఎత్తేదేదో నేనే ఎత్తితే పోలా!

వాడు విత్తనాలకని పట్నం వెళ్ళిన పూట, కొట్టంలో మిగిలిపోయిన మందు సీసా వెతికి తీసింది. మూతికి కొంగు చుట్టుకుని గట్టు పక్క సాళ్ళన్నీ కొట్టింది. కాలవ దగ్గర కక్కుకుని, మొహం కడుక్కుని, వాడొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు అన్నం వడ్డించింది.

మందుల్లేని పంటని ముద్ర వేసేముందు పరీక్ష చెయ్యాలట. వ్యవసాయాఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చి ఆకులూ కాయలూ కోసుకెళ్ళింది. మందు బయటపడింది. ముద్ర లేదు పొమ్మన్నారు. ఆ ముద్ర చూసే కొంటానన్న షావుకారు మొహం చాటేశాడు.

కొడుకు తిన్నగా గట్టెక్కాడు. "బాబాయ్, గాలి చూసుకోకుండా కొట్టి నా నోట్లో మట్టి కొట్టావు కదయ్యా!"

"నేనా? నీ తోట వైపు గాలి వీస్తుంటే పంపు పక్కన పెట్టేశాన్రా ఇన్నాళ్ళూ!"

మాటా మాటా పెరిగింది. చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. ఆమె నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఇద్దరిలో ఎవరు కిందపడ్డా పోయేది తన వాళ్ళే.

"కొట్టింది నేను" అంది.

కొడుకు చేతులు జారిపోయాయి. "నాకు చెప్పలేదేం?"

"చెబితే నువ్వే కొడతావని."

మరిది చొక్కా సర్దుకున్నాడు. ఎగతాళి చేసినా బాగుండేది, చెయ్యలేదు. "పోనీలే వదినా. కన్నదానివి, నీకే గురి కుదరలేదు. ఇంక నాకెక్కణ్ణుంచి వస్తుంది?"

ఆ తర్వాత ఎవరూ వంగి చూడలేదు. చూడ్డానికేముంది అక్కడ? పుచ్చిన కాయల్ని మామూలు సంతలో అడిగే దిక్కు లేదు. మిగిలిన కాయనైనా మందు కొట్టి నిగనిగలాడించాలి.

నాలుగు రోజులు గడవకముందే కొడుకు వీపుకి డబ్బా ఎక్కించుకున్నాడు. ఆమె సాళ్ళకు అడ్డంగా నిలబడింది. వాడు కసరలేదు, తల కూడా ఎత్తలేదు.

"అవతలికి పో అమ్మా. గాలి నీ వైపుంది."