ఎడమచేతి రాత

డాక్టర్ అనంతరావు ఎడమచేత్తో రాస్తూ, మధ్యమధ్య కుడిచేత్తో ఆ చేతినే పిసుక్కుంటున్నాడు. చంద్రపూర్ పొలిమేరలోని ఆ సిమెంటు కంపెనీ ఆసుపత్రిలో మందుకంటే రాత ముందు. రోగి చీటీ, వార్డు రిజిస్టరు, కంపెనీ ఫారం, వెరసి ఒక్క దగ్గుకు మూడు రాతలు. నర్సులకు రోగి ముఖంకంటే కాగితం ముఖమే బాగా గుర్తు. ఆ బరువు దించాలనే ఆయన పైవాళ్లతో పోరి పోరి కంప్యూటర్ తెప్పించాడు. అది వచ్చింది గానీ కాగితాలు పోలేదు. నర్సులు దానికి నాలుగో సవతి అని పేరు పెట్టారు. ఇవాళ నాలుగింటికి బొంబాయి అధికారులొస్తున్నారు. కేసులన్నీ అందులో ఎక్కి కనిపిస్తే కాగితాలు రద్దు. లేదంటే కంప్యూటరే రద్దు.

"సారూ, పొద్దటిసంది ఆ చెయ్యి వదుల్తలేరు," అంది నర్సు గిరిజ.

"ఎడమచేత్తో రాసెటోనికి కుడిచెయ్యి గుంజుతదా బిడ్డా?"

ఇంతలో లోడింగ్ కూలీ సమ్మయ్య వచ్చాడు. ఎముకల మనిషి. కనుబొమలమీద సిమెంటు, నుదుట చెమట. బస్తాలు మోసి ఎడమ భుజం గుంజుతోందట, పూతమందు ఇస్తే చాలట.

అనంతరావు కలం పడేశాడు. "రోజు మోసెటోనివి, ఇయ్యాలే ఎందుకు గుంజుతది?"

పడుకోబెట్టి ఈసీజీ తీయించాడు. గీతలు చూసి, నాలుక కింద మాత్ర పెట్టి, రాతకోతలన్నీ ఆపించి, అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపాడు.

బండి కదిలాక గిరిజ ఆయనకు అడ్డంగా నిలబడింది. "మీరు గూడ రోజూ రాసెటోళ్లే గద సార్. ఇయ్యాలే ఎందుకు గుంజుతది?"

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. గిరిజ ఖాళీ మంచం చూపించింది. ఆయన గడియారం చూశాడు. కేసులింకా కుప్పగా ఉన్నాయి, ఆ పెట్టె ఆయన మాట తప్ప ఇంకెవరి మాటా వినదు.

"ఆ బొంబాయోళ్లను పోనియ్యి. అప్పుడు నువ్వే ఈసీజీ తీద్దువు."

కంప్యూటర్ గదికి గుడిని మించిన మడి. దుమ్ము పడకూడదని ఎవరి చెప్పులైనా బయటే. ఆయనా విడిచి లోపలికి వెళ్లాడు. ఏసీ చలిలోనూ చెమటకు చొక్కా తడిసిపోయింది. ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడిచేతి వేలితో ఒక్కో అక్షరమే కొట్టాడు. చివరి కేసు సమ్మయ్యది.

అధికారులు వచ్చారు, చూశారు, రేపటినుంచి కాగితాలు వద్దన్నారు. ఆయన లేవలేదు, కూర్చునే తలాడించాడు.

వాళ్లటు వెళ్లగానే గిరిజ ఈసీజీ మిషను మోసుకుని వచ్చింది. ఆయన తల బల్లమీద వాలి ఉంది. కేక వేసి మనుషుల్ని పిలిచి, నేలమీద పడుకోబెట్టి, చేతులు పడిపోయేదాకా ఛాతీ అదిమింది. మిషను తెరవాల్సిన పని లేకపోయింది.

ఆ సాయంత్రం అందరూ చెప్పులతోనే ఆ గదిలోకి పరుగెత్తారు. తలుపు బయట, గోడవారగా, పద్ధతిగా విడిచినవి ఒక్క జతే మిగిలాయి. మడమలరిగిన తోలు చెప్పులు, పైన సన్నగా సిమెంటు దుమ్ము.