ఫలేసి కొలకర్ర

నా కొలకర్ర నీలగిరి కర్ర. మా ఆయన బతికున్నప్పుడు చెక్కి ఇచ్చాడు. కాల్చిన కత్తితో దానిమీద నాలుగు గాట్లు పెట్టాం. మొదటి గాటు అందని పిల్లలకు మాత్ర లేదు. గాటు దాటినకొద్దీ ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఏడాదికొకసారి, తొలి వానలు పడకముందు, ఊరు ఊరంతా బడి ముంగిట్లో ఆ కర్రకు వీపు ఆనించి నిలబడాలి. నేను మాత్రలు చేతిలో పెట్టాలి, వాళ్ళు నా కళ్ళెదుటే మింగాలి. ఇంటికి పట్టుకెళ్ళి మింగుతామంటే కుదరదు. ఇంటికెళ్ళాక ఎవరూ మింగరు. నేనైనా మింగను.

మా ఏటి ఒడ్డున కుట్టే నల్ల ఈగ ఒంట్లో పురుగును పెట్టి పోతుంది. మా నాన్న ఆ దురదకు కుండపెంకుతో ఒళ్ళు గోక్కునేవాడు. చివరికి కళ్ళు కూడా పోయాయి. ఆయన చేతికర్రకు రెండో కొస పట్టుకుని ఎనిమిదేళ్ళు ఊరంతా తిప్పాను. అందుకే పన్నెండేళ్ళ కిందట ఆరోగ్య కేంద్రం నుంచి మలుంగా గారు సైకిలేసుకుని వచ్చి, "జీతం లేదు, ఎవరైనా చేస్తారా?" అని అడిగితే, అందరూ నేలచూపులు చూస్తుంటే నేను లేచాను. ఆయన నన్ను వాలంటీరు అంటారు. ఊళ్ళోవాళ్ళు మాత్రలమ్మ అంటారు. ఇన్నేళ్ళకు నాకు దక్కింది రెండు చొక్కాలు, ఒక సంచీ, బోలెడు తిట్లు.

తిట్లకేం, అలవాటైపోయింది. పొద్దున్నే చేలోకి వెళ్ళేముందు నాలుగిళ్ళు తిరుగుతాను. ఎవరికి కొత్తగా దద్దుర్లు లేచాయో, ఎవరింటికి అల్లుడొచ్చాడో, ఎవరు తేయాకు తోటలో పనికి వలసపోయారో కనుక్కుంటాను. మాత్ర మింగితే మగతనం పోతుందని పారిపోయిన మగాళ్ళను తేయాకు చాళ్ళలో వెతికి చొక్కా పట్టుకుని లాక్కొచ్చాను. కర్ర దగ్గర పిల్లలేమో పెద్దవాళ్ళమనిపించుకోవాలని మునివేళ్ళమీద లేస్తారు. ముసలి బిజివెక్ ఒక మాత్ర తగ్గుతుందని మోకాళ్ళు వంచి నిలబడతాడు. "తాతా, నిరుడు ఉన్న కాళ్ళు ఏటిలో కొట్టుకుపోయాయా?" అంటే, "వయసైతే మనిషి అరుగుతాడే తల్లీ, సబ్బులాగా" అంటాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఒక్క విషయం దగ్గర మాత్రం నవ్వు ఉండదు.

కడుపుతో ఉన్న ఆడదానికి ఆ మాత్ర ఇవ్వకూడదు. అది రూలు. మా ఊళ్ళో కడుపు పండిన సంగతి పైకి చెప్పకూడదు. అది అంతకంటే పాత రూలు. పొట్ట దానంతటదే కనిపించేదాకా కట్టుకున్నవాడికీ, కన్నతల్లికీ తప్ప తెలియకూడదు. తెలిస్తే ఏ కళ్ళు పడతాయో, ఏ చేతులు ఏం చేస్తాయో. అందుకని ప్రతి ఏడూ ఆ రోజున ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు మాయమయ్యేవారు. ఒకామెకు అక్కగారి ఊళ్ళో పని పడేది, ఇంకొకామెకు పన్నునొప్పి వచ్చేది. నేను గ్రహించి ఊరుకునేదాన్ని. కాయితంలో ఊళ్ళో లేదని రాసేదాన్ని. మలుంగా గారు చూసీ చూడనట్టు పోయేవారు.

నిరుడు నాకు పొగరెక్కింది. దాచడమెందుకు, పొగరే. అంతకుముందు ఏడాది సమావేశంలో ఏటి అవతలి ఊరి వాలంటీరును లేపి చప్పట్లు కొట్టించారు. వాళ్ళ ఊళ్ళో ఒక్క ప్రాణి మిగల్లేదట. నా ఊళ్ళో తొమ్మిదిమంది మిగిలారు. ఆ చప్పట్లు నా చెవుల్లో ఏడాదంతా మోగాయి. ఈసారి ఒక్కరిని కూడా వదలకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ రోజు వరుసలో ఎనిఫా వచ్చింది.

ఎనిఫా మా అక్క కూతురు. అక్క పోయాక నేనే పెంచాను. పెళ్ళయి ఆరేళ్ళు. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. ఆ రెండింటినీ గుడ్డలో చుట్టి మట్టిలో పెట్టింది నా చేతులే. ఆ సంగతి ఊళ్ళో అందరికంటే నాకే బాగా తెలుసు. మరి ఆ రోజు నా బుర్ర ఏ గడ్డి మేసిందో.

అది కర్రకు వీపు ఆనించలేదు. నా దగ్గరికి వంగి, "పిన్నీ, నిన్నటినుంచీ ఒంట్లో బాలేదు. రేపు ఇంటికొచ్చి మింగుతాలే" అంది.

చిన్నగానే అంది. కానీ వెనక మెలియా ఉంది. మా ఊళ్ళో మెలియా చెవిన పడితే చర్చి గంట కొట్టినట్టే.

"ఏంటేంటి, ఒంట్లో బాలేదా? ఏ రకం బాలేదే అమ్మాయీ?" అని నవ్వింది మెలియా. వరుస మొత్తం తలలు తిప్పింది. ఆడవాళ్ళు కొందరు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు నేను, "సరే పోవే, రేపు రా" అంటే అయిపోయేది. నాలుగు మాటలు. బదులుగా ఏమన్నానో చెప్పడానికి ఇప్పటికీ నాలుక తిరగదు.

"ఏటా ఇదే నాటకం! ఉందో లేదో చెప్పు. ఉంటే పక్కకి జరుగు. లేకపోతే మింగు."

ఊరంతా వింది. ఎనిఫా నా ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు జ్వరమొస్తే అలాగే చూసేది, నేను ఏదో ఒకటి చేస్తానని. తరవాత, "లేదు" అంది. కర్రకు వీపు ఆనించింది. మూడో గాటు దాటింది. రెండు చేతులూ చాపి మూడు మాత్రలు తీసుకుని మింగి, నీళ్ళు తాగి, చిప్ప బోర్లించి చూపించి వెళ్ళిపోయింది.

ఆ ఏడు నా ఊరు మొత్తం పూర్తయింది. నాకూ చప్పట్లు కొట్టారు.

ఇరవై రోజులకు, పొద్దున నేను ముంగిలి ఊడుస్తుంటే, ఆడవాళ్ళు నలుగురు గడ్డపలుగు పట్టుకుని శ్మశానం వైపు పోతున్నారు. ఒకామె చేతిలో చిన్న మూట. అలాంటి మూట వెంట మగాళ్ళు రారు, ఏడుపులు ఉండవు, పాట ఉండదు. ఇన్నేళ్ళుగా ఆ పనికి ముందు పిలిచేది నన్నే. చీపురు పారేసి పరుగెత్తాను. చెట్ల మొదట్లో మెలియా అడ్డం నిలబడింది. ఆ మెలియాయే. కళ్ళు వాచి ఉన్నాయి.

"వద్దక్కా. నువ్వు రావద్దంది ఎనిఫా."

"నేను పెంచిన పిల్లే అది!"

"తెలుసక్కా. నిన్ను మాత్రం రానివ్వద్దంది."

మట్టి పడే చప్పుడు అక్కడినుంచే విన్నాను.

ఆరోగ్య కేంద్రానికి రెండు గంటలు నడిచి వెళ్ళి నర్సును అడిగాను. "మాత్రవల్లే అని చెప్పలేమమ్మా. కాదనీ చెప్పలేం. ఆమెకి అంతకుముందు కూడా పోయాయిగా. ఇలా ఎవరూ జీవితాంతం అనుమానంతో చావకూడదనే ఆ రూలు పెట్టింది" అంది. మంచి మనిషి, నా భుజం తట్టింది. మాత్ర సంగతి నాకు తెలియదు. నా నోటి సంగతి తెలుసు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పిల్లలకు చెప్పేదాన్ని నేనే.

కర్ర, సంచీ, కాయితాలు మలుంగా గారి ముందు పెట్టి, "ఇంక నావల్ల కాదయ్యా" అన్నాను. "నువ్వు వదిలేస్తే ఎవరు ఎత్తుకుంటారు ఫలేసీ? మీ నాన్నని తిప్పినట్టు ఇంకో ఆడపిల్ల ఇంకో తండ్రిని తిప్పాలా?" అన్నారు. కర్రను మళ్ళీ నా చేతిలో పెట్టారు. ఆయన సరిగ్గా నొప్పి ఉన్నచోటే వేలు పెట్టారు. తెచ్చుకున్నాను.

ఏడాదిపాటు ఎనిఫా నాతో మాట్లాడలేదు. బోరింగు దగ్గర నేను వస్తే సగం నిండిన బిందె ఎత్తుకుని పోయేది. చర్చిలో నేను కూర్చున్న బల్లకు వెనకాల కూడా కూర్చునేది కాదు. ఊరంతా చూసింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉండేది.

ఈ ఏడు మాత్రలు వచ్చేముందు ఒక పని చేశాను. పిల్లలు కనే వయసున్న ప్రతి ఆడదాని వంటింటికీ ఒంటరిగా వెళ్ళి కూర్చున్నాను. ఏమీ అడగలేదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు చెప్పాను. ఒకామె నా ముందు తలగుడ్డ విప్పి కట్టుకోవాలి. ఒకామె నా కర్ర వంకరని తిట్టాలి. ఒకామె తుమ్మాలి. ఆ గుర్తు చూస్తే నేను ఖాళీ చేత్తోనే మాత్రలు పెట్టినట్టు పెడతాను, ఆమె మింగినట్టు మింగుతుంది. ఒకరి గుర్తు ఇంకొకరికి తెలియదు. కాయితంలో మాత్రం ఇవ్వలేదనే రాస్తాను. చప్పట్లు ఎవరికి కావాలో వాళ్ళే కొట్టించుకోనీ.

చివరికి ఎనిఫా ఇంటికి వెళ్ళాను. పొయ్యిమీద న్సీమా సంకటికి ఎసరు మరుగుతోంది. అది గుమ్మడాకులకు నారలు తీస్తోంది. పీట వెయ్యలేదు. గుమ్మంలోనే నిలబడ్డాను.

"నాతో మాట్లాడక్కర్లేదు. విను చాలు. ఆ రోజు నీకు మాత్ర వద్దనిపిస్తే, నాకు ఎడమ చెయ్యి చాపు. నామీద నీకు కోపమని ఊరందరికీ తెలుసు. నన్ను అవమానించావనుకుంటారు. ఇంకే అర్థమూ తియ్యరు. నీ చేతిలో ఏమీ పెట్టను."

ఎనిఫా నారలు తీస్తూనే ఉంది. ఒక ఆకు, ఇంకో ఆకు.

"చెయ్యి చాపినా చాపకపోయినా, ఇంకెప్పుడూ నిన్ను ఏదీ అడగను. నా తప్పేనే అమ్మా."

"అయిపోయిందా?" అంది తల ఎత్తకుండా. "పొగ ఇంట్లోకి తిరుగుతోంది. తలుపు దగ్గరికి వేసి పో."

తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను. దారంతా ఏడ్చాను. వస్తుందన్న ఆశ లేదు. ఆ రోజుకు ఏదో ఊరు వెళ్ళిపోతుంది, నా ముఖం చూడదు అనుకున్నాను.

నిన్న బడి ముంగిట్లో కర్ర పాతాను. ముసలి బిజివెక్ యథాప్రకారం మోకాళ్ళు వంచాడు. ఒకామె నా కర్ర వంకరంది. నేను నాలుగు చివాట్లు పెట్టి, ఆమె గుప్పిట్లో గాలి పెట్టి పంపించాను. ఎవరూ పసిగట్టలేదు. పొద్దెక్కింది. తల ఎత్తితే వరుసలో ఎనిఫా ఉంది. దాని వెనకాలే మెలియా.

వచ్చి కర్రకు వీపు ఆనించింది. మూడో గాటు. నేను డబ్బా పట్టుకుని నిలబడ్డాను. నీళ్ళ చిప్ప దాని కుడిచేతిలో ఉంది. నా కళ్ళలోకి చూస్తూ ఎడమ చెయ్యి చాపింది.

వరుసంతా ఒక్కసారి ఉలిక్కిపడింది.

"అయ్యయ్యో! పెంచిన పిన్నికి ఎడమ చెయ్యా!" అని మెలియా గుండె బాదుకుంది. "ఎంత కోపమైతే మాత్రం, పెద్దంతరం చిన్నంతరం లేదా?"

"తల్లి లేని పిల్ల అని నెత్తికెక్కించుకుంది, అనుభవించనీ" అని ఇంకెవరో అన్నారు. బిజివెక్ తాత నేలమీద ఉమ్మేశాడు.

"పోనీలెండి," అన్నాను గట్టిగా, అందరికీ వినిపించేలా. "ఆ చెయ్యి ఏ చెయ్యైతేనేం, మందు కడుపులోకేగా పోయేది. పట్టవే, మూడు! ఈ పొగరు నీ అత్తారింట్లో చూపించు!"

డబ్బాలో చెయ్యి పెట్టి తీసి, ఉత్త వేళ్ళు దాని అరచేతిలో ఆనించాను. మెత్తగా, చెమటగా ఉంది. ఆ చెయ్యి నా వేళ్ళను ఒక్క క్షణం పట్టుకుంది. తరవాత గుప్పిట మూసి, నోటికి ఎత్తి, తల వెనక్కి వాల్చి మింగింది. నీళ్ళు తాగి, చిప్ప బోర్లించి ఊరికి చూపించింది. మెలియా ఇంకా తిడుతూనే ఉంది. ఎనిఫా ఆ తిట్లన్నీ నెత్తిన వేసుకుని, ఒక్కదానికీ బదులు చెప్పకుండా, మెల్లగా, కాలు చూసి కాలు వేస్తూ ఇంటి దారి పట్టింది.

నాకు ఇన్నేళ్ళ బతుకులో అంత మర్యాద ఎవరూ చెయ్యలేదు.

"తరవాతెవరు?" అని పిలిచాను. వరుస ఇంకా ఎనిఫా వైపే చూస్తోంది. ఇంకోసారి పిలిచాను.